304కి కుక్క మంజూరు

మా అపార్ట్‌మెంట్ పేరు ప్రశాంతి రెసిడెన్సీ. విజయవాడ పటమటలో ఉంది. బోర్డు మీద తప్ప ప్రశాంతి ఇంకెక్కడా కనపడదని మావారు అంటుంటారు. ఆయన మాటకేం లెండి, ఆయనకు అసోసియేషన్‌లో పదవి లేదు. నాకుంది. నేను ఉప కార్యదర్శిని. టెలిఫోన్ శాఖలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాక, ఎవరినీ "లైన్లో ఉండండి" అనకుండా బతకడం నావల్ల కాక ఈ పదవికి ఒప్పుకున్నాను.

పోయిన వానాకాలంలో మావాళ్ళందరికీ కుక్కల పిచ్చి పట్టుకుంది. ఆదివారం పేపర్లో ఎవరో డాక్టరు గారు, చిన్న కుక్కను ఒళ్ళో కూచోబెట్టుకుని నిమిరితే బీపీ తగ్గుతుందని రాశారు. మర్నాడు పొద్దున్నే బీపీ ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ కూడా కుక్క కావాలని బయల్దేరారు. బీ బ్లాకు కాంట్రాక్టరు గారు ఆవుదూడంత కుక్కను తెచ్చారు. అంతదాన్ని ఒళ్ళో ఎలా కూచోబెట్టుకుంటారని అడిగితే, ఒళ్ళు కూడా పెద్దదేగా అన్నారాయన. అదీ నిజమే.

ఒకరోజు ఆ కుక్కా, మా అధ్యక్షులు దక్షిణామూర్తి గారూ ఒకే లిఫ్టులో ఎక్కారు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. లిఫ్టుకున్న జనరేటర్ అందుకునేలోపు ఆ కుక్క ప్రేమ పట్టలేక అధ్యక్షుల వారిని నెత్తి నుంచి కాళ్ళ దాకా నాకిపెట్టింది. ఆయన లిఫ్టు దిగి, స్నానం కూడా చేయకుండా అత్యవసర సమావేశం పిలిచారు.

దక్షిణామూర్తి గారు నీటిపారుదల శాఖలో సూపరింటెండింగ్ ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. ఆనకట్ట కట్టాలన్నా, అసోసియేషన్‌కి చీపురు కొనాలన్నా ముందు స్థల పరిశీలన, తర్వాత సాధ్యాసాధ్యాల నివేదిక, ఆపైన సాంకేతిక మంజూరు ఉండాలంటారు. ఆయన నిలబడి చదివిన తీర్మానం ఇది:

"ఇకమీదట ప్రశాంతిలోనికి ప్రవేశించు శునకము చిన్నదియు, తక్కువ శ్రమతో పోషింపదగినదియు అయి ఉండవలెను. ఏ గృహమునకు ఏ శునకము తగునో ఉపసంఘము నిర్ణయించును."

"కుక్కను మేం ఎంచుకోకూడదా అండీ?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"మీరు ఆవేశంతో ఎంచుకుంటారు. మేం సాంకేతికంగా ఎంచుకుంటాం" అన్నారు అధ్యక్షులు. అందరూ చప్పట్లు కొట్టారు. మా దగ్గర దేనికైనా చప్పట్లు కొడతారు, టిఫిన్లు సమావేశం చివర్లో పెడతాం కాబట్టి.

ఉపసంఘంలో ముగ్గురం. అధ్యక్షులు, నేను, ఆడిట్ శాఖలో చేసి రిటైరైన వీరభద్రం గారు. వీరభద్రం గారికి తెలిసిన మాట ఒకటే, "అభ్యంతరం". తన పెళ్ళిలో తలంబ్రాల బియ్యం అవసరానికి మించి ఖర్చయ్యాయని పీటల మీదే అభ్యంతరం చెప్పారని వాళ్ళావిడ ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంది.

మొదటి దరఖాస్తు 304 వాళ్ళది. ప్రహ్లాద్ గుంటూరులో బ్యాంకు ఉద్యోగి, రోజూ రైల్లో పోయి వస్తాడు. అతని భార్య మధుమతి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేస్తుంది. ఒక్కతే కూతురు ఇందుజ, తొమ్మిదేళ్ళది. ఆదివారం ముగ్గురూ మా ఆఫీసు గదికి వచ్చారు.

"మా ఇద్దరికీ క్షణం తీరికుండదండీ" అంది మధుమతి. "చిన్నది, పెద్దగా పని పెట్టనిది ఏదన్నా చూడండి. స్కూలు నుంచి వచ్చాక పాపకి కాస్త తోడుంటుంది."

"తోడు అనగా?" అన్నారు అధ్యక్షులు కళ్ళద్దాలు సర్దుకుంటూ.

"తోడంటే... తోడేనండీ."

"నిర్వచనం లేకుండా ముందుకు పోలేమమ్మా. సరే, పరిశీలిస్తాం."

ఆ మర్నాటి నుంచి ఇందుజ రోజూ నాలుగింటికి స్కూలు బస్సు దిగి తిన్నగా మా గదికే రాసాగింది. "తాతగారూ, మా కుక్క ఎంపికైందా అండీ?" అనేది. "పరిశీలనలో ఉందమ్మా" అనేవారు అధ్యక్షులు. "సరేనండీ" అని బెంచీ మీద కూచుని హోంవర్కు చేసుకునేది. వీధి దీపాలు వెలిగేదాకా కదిలేది కాదు. కుక్క మీద ఈ పిల్లకెంత శ్రద్ధో అని మేం ముగ్గురం ముచ్చటపడేవాళ్ళం.

మా పరిశీలన జోరుగా సాగింది. చిన్న కుక్క అంటే ఏది అన్న దగ్గరే రెండు సమావేశాలు పట్టాయి. పొట్టి కాళ్ళూ పొడుగు ఒళ్ళూ ఉండే డాషండ్ జాతి కుక్క ఎత్తులో చూస్తే చిన్నది, పొడుగులో చూస్తే కాదు. "కాలవను లోతును బట్టి కొలుస్తామా, పొడుగును బట్టి కొలుస్తామా?" అని అధ్యక్షులు పెద్ద ప్రశ్న వేశారు. ఆ ప్రశ్నతో పాటు ఆ జాతిని కూడా పక్కన పెట్టాం. పొమరేనియన్ మొరుగుతుంది. పగ్ గురక పెడుతుంది. షిట్జూకి రోజూ బొచ్చు దువ్వాలి, ఆ ఇంట్లో పిల్లకి జడ వేయడానికే టైముండదు. చివావా చలికి వణుకుతుంది, స్వెట్టర్ తొడగాలి.

"విజయవాడలో చలెక్కడిదండీ?" అన్నాను.

"అభ్యంతరం" అన్నారు వీరభద్రం గారు. "స్వెట్టర్ కొన్నాక వాడకపోతే అది వృథా వ్యయం."

చివరికి మాకు కావలసిన కుక్క లక్షణాలు తేల్చాం. దొంగ వస్తే మొరగాలి, చుట్టం వస్తే మొరగకూడదు. బొచ్చు రాలకూడదు. తక్కువ తినాలి, తిన్నది ఎక్కువ విసర్జించకూడదు. దీన్ని అధ్యక్షులు "బహిర్గమన సామర్థ్యం" అన్నారు. జబ్బు పడకూడదు. ఇంట్లో వాళ్ళకి తీరికున్నప్పుడు ఆడాలి, లేనప్పుడు ఆడమని అడగకూడదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, కుక్క లేకుండానే దాని గుణగణాలన్నీ సిద్ధమయ్యాయి.

"ఈ లక్షణాలన్నీ ఉన్న కుక్క మా షోకేసులో ఉంది" అన్నారు వీరభద్రం గారు. "ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ది."

అధ్యక్షులు చాలాసేపు ఆలోచించారు. "దాని దుమ్ము దులపాలి కదండీ. అది శ్రమ కాదా?"

బెంచీ మీద నుంచి ఇందుజ చెయ్యెత్తింది. "తాతగారూ, అవన్నీ ఏం వద్దండీ. నేను తలుపు తీసినప్పుడు తోకాడిస్తే చాలు."

"తోక ఊపుట" అన్నారు అధ్యక్షులు. "రాసుకోండి హైమావతి గారూ. ఎంతసేపు ఊపాలమ్మా?"

"నేను షూ విప్పుకునేదాకా."

రాసుకున్నాను. మా జాబితా మొత్తంలో ఒక్క అభ్యంతరం కూడా రానిది అదొక్కటే.

బెంజి సర్కిల్ దగ్గర కుక్కల దుకాణం నడిపే మస్తాన్‌ని పిలిపించాం. అతను మా జాబితా చదివి, మమ్మల్ని ముగ్గుర్నీ ఎగాదిగా చూసి, నవ్వు ఆపుకుని వెళ్ళాడు. నాలుగు రోజుల తర్వాత ఒక కుక్కను తీసుకొచ్చాడు. తెల్లటి ఒంటి మీద పసుపు చుక్కలు. ఏ జాతో చెప్పడం కష్టం. ఎవరో ఎస్సై గారు బదిలీ మీద వెళ్తూ వదిలేసి పోయారట. పేరు బూందీ.

"ఏడేళ్ళది సార్, దుడుకు లేదు. పెట్టింది తింటది, పడుకోమంటే పడుకుంటది."

"మొరుగుతుందా?" అన్నారు అధ్యక్షులు.

"అవసరమైతే మొరుగుద్ది సార్."

"ఆ అవసరాన్ని నిర్ణయించు అధికారం ఎవరిది?"

"దానిదే సార్."

"అభ్యంతరం" అన్నారు వీరభద్రం గారు. బూందీ ఆయన వంక ఒకసారి చూసి, ఈయనతో మనకెందుకని కాబోలు, నడుచుకుంటూ వెళ్ళి అధ్యక్షుల వారి పాదం మీద తల పెట్టి పడుకుంది. ఆయన సమావేశం అయ్యేదాకా కాలు కదపలేదు. తిమ్మిరెక్కింది. నేనూ మస్తానూ చెరో రెక్కా పట్టుకుని లేపితే గానీ నిలబడలేకపోయారు. "సాంకేతికంగా సంతృప్తికరం" అన్నారు కుంటుకుంటూ.

నాలుగింటికి ఇందుజ వచ్చింది. గుమ్మంలో ఆ పిల్లను చూడగానే బూందీ లేచి తోక ఊపడం మొదలెట్టింది. ఇందుజ షూ విప్పలేదు. ఎక్కడున్నది అక్కడే కింద కూలబడింది. బూందీ వెళ్ళి ఆ ఒళ్ళో మూతి పెట్టింది. "మామ్మగారూ, ఇదేనా? ఇది మాదేనా అండీ?" అని అడిగింది. అబద్ధమెందుకు, నాకు కళ్ళు చెమ్మగిల్లాయి.

"తొందరపడకూడదమ్మా" అన్నారు అధ్యక్షులు. "జలాశయం సిద్ధం. ఆయకట్టు చూడొద్దూ? కుక్క ఇంటికి తగును సరే, ఇల్లు కుక్కకు తగునా?"

ఇక్కడే అసలు కథ. అధ్యక్షులు ఒక పశువైద్యుణ్ణి సంప్రదించి, నియమావళికి కొత్త నియమం చేర్చి ఉంచారు. చిన్న కుక్కలు పగలంతా నిద్రపోయినా సాయంత్రం పూట ఒంటరితనాన్ని ఓర్వలేవు కనుక, నాలుగు దాటాక వాటిని రెండు గంటలకు మించి ఇంట్లో ఒంటరిగా వదలరాదు. ఎంత మంచి నియమం! అందరం ఏకగ్రీవంగా ఆమోదించాం. అప్పుడు కూడా బెంచీ మీద ఇందుజ ఉంది. అది కూడా చెయ్యెత్తింది, తన ఓటు లెక్కకు రాదని తెలియక.

శుక్రవారం సాయంత్రం ఇందుజ స్కూలు నుంచి వచ్చాక 304కి స్థల పరిశీలనకు వెళ్ళాం. ప్రహ్లాదూ మధుమతీ సెలవు పెట్టుకుని ఇంట్లో ఉన్నారు. అధ్యక్షులు టేపుతో బాల్కనీ కొలిచారు. వీరభద్రం గారు కిటికీ చువ్వల సందులో తన తల పట్టలేదు కాబట్టి కుక్క తల కూడా పట్టదని నిర్ధారించారు. మస్తాన్ బూందీని పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. తర్వాత విచారణ మొదలైంది.

"సాయంత్రం నాలుగింటికి శునకానికి ఆహారం ఎవరు పెడతారు?"

"నేను పెడతానండీ" అంది ఇందుజ. "నా అన్నం నేనే వేడి చేసుకుంటాగా, దానిదీ చేస్తా. గ్యాస్ ముట్టుకోను, మైక్రోవేవ్‌లోనే."

"ఎవరైనా తలుపు కొడితే?"

"అరవకుండా సోఫా వెనక కూచోవాలి. అది నేర్పిస్తా."

"కరెంటు పోతే?"

"బాల్కనీలోకి వెళ్ళిపోవాలండీ. కింద వాచ్‌మన్ గారి లైటు కనపడుతుంది."

"ఉరిమితే?"

ఇందుజ కాస్త ఆలోచించింది. "టీవీ సౌండు పెంచుకోవాలి. లెక్కలు గట్టిగా చదువుకున్నా వినపడదు."

"ఇలా ఎన్నింటి దాకా?"

"అమ్మ వచ్చేదాకా అండీ. ఎనిమిది. ఒక్కోసారి తొమ్మిది."

అన్నీ రాసుకుంటున్నాను. ఎంత సమర్థురాలో పిల్ల, కుక్కకి ఏ లోటూ రాదనుకున్నాను. అప్పుడు వీరభద్రం గారు గొంతు సవరించుకున్నారు.

"అభ్యంతరం. ఈ జవాబులిచ్చిన వ్యక్తి మైనరు. మైనరు బాధ్యత చట్టరీత్యా చెల్లదు. కాబట్టి ఆ వేళప్పుడు ఇంట్లో మనుషులెవరూ లేనట్టే లెక్క."

"అంటే శునకం నాలుగైదు గంటలు ఒంటరి" అన్నారు అధ్యక్షులు. ఆయన మొహం చిన్నబోయింది. పాదం మీద పడుకున్న నాటి నుంచి ఆయనకి బూందీ అంటే ప్రాణం. లేచి నిలబడి, బాధతో తీర్పు చెప్పారు.

"నోరు లేని చిన్న ప్రాణి. సాయంత్రం పూట ఒక్కతే తలుపేసుకుని, చప్పుడైతే సోఫా వెనక నక్కి, కరెంటు పోతే బాల్కనీలో నిలబడి, ఎప్పుడొస్తారా అని గేటు వంక చూస్తూ కూచోవడం. తలుచుకుంటేనే కడుపు తరుక్కుపోతోంది. ఇది అమానుషం. ఏ చిన్న ప్రాణీ ఉండదగిన ఇల్లు కాదిది. దరఖాస్తు తిరస్కరించడమైనది."

ఇందుజ ఏడవలేదు. పెద్దవాళ్ళు చెప్పిన రూలు సరిగ్గా అర్థం చేసుకుందామని కాబోలు, కనుబొమలు ముడేసి కాసేపు నిలబడింది. తర్వాత అడిగింది.

"మరి నేనుండచ్చా తాతగారూ?"

అది వెటకారం కాదు, ఆ పిల్లకి వెటకారం రాదు. ఉండచ్చో ఉండకూడదో చెబితే దాని ప్రకారం నడుచుకుందామని అడిగింది, అంతే. ఇన్నాళ్ళూ ఆ బెంచీ మీద కూచున్నది కుక్క ఎంపిక కోసం కాదని నా మట్టిబుర్రకి అప్పుడు తట్టింది.

వీరభద్రం గారు గబగబా నియమావళి తిరగేశారు. అటు నుంచి ఇటు తిప్పారు, ఇటు నుంచి అటు తిప్పారు. "పిల్లల ప్రస్తావన... ఎక్కడా లేదండీ" అన్నారు. ఆయన గొంతు అంత చిన్నదిగా నేనెప్పుడూ వినలేదు.

ప్రహ్లాద్ తల దించుకున్నాడు. మధుమతి మాత్రం ఒక్కసారిగా లేచింది.

"నేనడగలేదనుకుంటున్నారా అండీ? పోయిన జూన్‌లో మా మేనేజర్‌ని అడిగాను. నాలుగింటికి ఇంటికి వెళ్ళి మిగతా పని ఇంటి నుంచే చేస్తానన్నాను. పర్సనల్ ప్రాబ్లమ్స్ ఆఫీసుకి తీసుకురావద్దన్నాడు. ఉద్యోగం మానేస్తే ఈ ఇంటి లోను ఎవరు కడతారండీ? ఈయన ట్రాన్స్‌ఫర్ అడిగి రెండేళ్ళయింది. ఏం చెయ్యమంటారు చెప్పండి!" అని కొంగు నోట్లో కుక్కుకుంది.

అధ్యక్షులు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. పాపం, ఆయన మంచివారే. కాకపోతే మంచితనం కూడా నియమం రూపంలో తప్ప ఆయన నోటి నుంచి బయటికి రాదు. "తిరస్కారాన్ని షరతులతో కూడిన మంజూరుగా సవరిస్తున్నాను" అన్నారు. "ఇంట్లో మేజరు ఒకరు నాలుగింటికల్లా ఉండవలెను. అమ్మా, మీ మేనేజరుకి ఫోన్ చెయ్యి. ఇది అసోసియేషన్ నియమమని చెప్పు. శునకం నిమిత్తం అని చెప్పు."

"పిల్ల కోసం ఒప్పుకోనివాడు కుక్క కోసం ఒప్పుకుంటాడా అండీ?" అన్నాను నేను.

మధుమతి ఫోన్ చేసి, అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టింది.

"చెప్పండి మధుమతీ, లీవ్‌లో ఉన్నారుగా?"

"సర్, సోమవారం నుంచి నేను రోజూ నాలుగింటికల్లా ఇంట్లో ఉండాలి సర్. మిగతా వర్క్ ఇంటి నుంచి..."

"మళ్ళీ అదేనా? ఆల్రెడీ మాట్లాడుకున్నాం కదండీ. పర్సనల్ విషయాలు..."

"కుక్క కోసం సర్."

అవతల నిశ్శబ్దం. లైను తెగిందేమో అని ప్రహ్లాద్ ఫోన్ వంక చూశాడు. తెగలేదు. తెగిన లైనుకీ, ఊపిరి బిగబట్టిన లైనుకీ తేడా నాకు తెలుసు.

"కుక్కా! అయ్యో, ముందే చెప్పొద్దూ! ఏ బ్రీడు? పేరేంటి?"

"బూందీ సర్. చిన్నది. సాయంత్రం పూట రెండు గంటలకు మించి ఒంటరిగా ఉంచకూడదని మా అసోసియేషన్ వాళ్ళు..."

"కరెక్టేనండీ! వదిలేస్తే డిప్రెషన్ వచ్చేస్తుంది పాపం. చిన్న ప్రాణాలు, నోరు తెరిచి చెప్పుకోలేవు కదా. మనకి పెట్ పేరెంట్ పాలసీ ఉందిగా, మొన్న ఉగాదికే పెట్టాం. నాలుగింటికి ఇంట్లో ఉండాలంటే మూడుంబావుకే బయల్దేరండి, ట్రాఫిక్ ఉంటుంది. ఫొటో గ్రూపులో పెట్టండి, అందరూ హ్యాపీ ఫీలవుతారు."

మధుమతి ఫోన్ దగ్గరికి వంగింది. "సర్, జూన్‌లో నేను పాప కోసం ఇదే అడిగాను."

"అది పర్సనల్ కదండీ" అన్నాడాయన ఎంతో ఓర్పుగా. "ఇది పాలసీ."

"థాంక్యూ సర్" అంది మధుమతి. ఇంకేమంటుంది?

వీరభద్రం గారి వంక చూశాను, ఏదన్నా అంటారేమోనని. ఆయన నియమావళి మూసి చంకలో పెట్టుకున్నారు. అధ్యక్షులు మాత్రం "మంజూరు" అని సంతకం పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయారు. టేపు అక్కడే మర్చిపోయారు. మస్తాన్ గొలుసు వదిలాడు. బూందీ లోపలికి నడిచి వచ్చి, ఇల్లంతా ఒకసారి వాసన చూసి, ఇందుజ పక్కన కూచుంది.

సోమవారం నాలుగింటికి ఇందుజ మా గదికి రాలేదు. బెంచీ ఖాళీగా ఉండేసరికి మాకు తోచలేదు. ఐదు దాకా చూసి, కుక్క ఉన్న ఇంటి తలుపుకు అంటించవలసిన స్టిక్కరు పట్టుకుని నేనే పైకి వెళ్ళాను. ఇందుజ తలుపు తీసి, చప్పుడు చేయొద్దని పెదాల మీద వేలు పెట్టుకుంది. లోపల భోజనాల బల్ల దగ్గర మధుమతి చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కంప్యూటర్ ముందు ఎవరితోనో మాట్లాడుతోంది. బూందీ ఆమె కాళ్ళ దగ్గర పడుకుని ఉంది. ఇందుజ బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"మామ్మగారూ, అమ్మ వచ్చేసిందండీ! ఇంక రోజూ వస్తుందట" అంది గుసగుసగా. ఆ మొహంలో వెలుగు చూడాలి! "బూందీ కోసమేననుకోండి. కానీ నేను కూడా ఈ ఇంట్లోనే ఉంటాను కదండీ. నాక్కూడా వచ్చినట్టే అవుతుంది."